పదకొండు ఖాళీ గళ్ళు

రోజూ పొద్దున అయిదున్నరకల్లా తిరుపతి ఆకాశం కుముదవల్లి చేతికి వచ్చేది, రూపాయి బిళ్ళంత. మేడ మీద నీళ్ళ తొట్టి పక్కన ఒక చెక్కపెట్టె, అందులో గుయ్యిమనే చిన్న మోటారు, మోటారు మూతికి గుండ్రటి తెల్లకాగితం. పగలూ రాత్రీ ఆ మోటారు గాలి పీలుస్తూ ఉంటుంది. గాలిలోని మసి కాగితం మీద మిగిలిపోతుంది. డికాషన్ దిగేలోగా ఆమె తడిజుట్టు ముడేసుకుని పైకెక్కి, నిన్నటి కాగితం తీసి కొత్తది పెట్టి, తీసినదాన్ని ఒక అట్ట పక్కన ఆనించి చూడాలి. అట్ట మీద తెలుపు నుంచి నలుపు దాకా పది రంగులు, ఒక్కో రంగుకీ ఒక్కో అంకె. ఏ రంగుతో సరిపోతే ఆ అంకె నోటుపుస్తకంలో ఆనాటి గడిలో వేయాలి. మామూలు రోజుల్లో నాలుగు. బ్రహ్మోత్సవాలకు బస్సులు కిక్కిరిస్తే ఆరు. వెనక స్టేషన్‌లో కాట్పాడి బండి ఇంజను మరీ సేపు నిలబడి ఊపిరి వదిలితే ఏడు. వాన పడితే రెండు.

"పది నిమిషాల పని," అనేవాడు ఆమె భర్త సుదర్శనం. కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఎనభై మూడులో ఆ పెట్టె ఇంటికి వచ్చినరోజు ఆయనే భార్యకు విడమరిచి చెప్పాడు. మన ఇరుగుపొరుగు దేశాలు ఏడూ కలిసి గాలిని బాగుచేసుకోవాలని కొలంబోలో ఒక కమిటీ పెట్టుకున్నాయి. ఒక దేశం వదిలిన పొగ ఇంకో దేశం పిల్లల గొంతులోకి పోతోంది, అది ఎవరిదని పోట్లాడుకునే ముందు అందరూ ఒకే తీరున కొలవాలి, ఆ లెక్కలు ఒకరికొకరు దాచకుండా చూపించుకోవాలి. అందుకని అక్కడక్కడా ఇట్లాంటి పెట్టెలు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు మెరిశాయి, కుముదవల్లి కళ్ళూ మెరిశాయి. ఆమె కూడా బీయస్సీ రెండో ఏడు దాకా కెమిస్ట్రీ చదివిన మనిషే. మూడో ఏడు పరీక్షకు పెళ్ళి అడ్డం వచ్చింది. ఏడు దేశాలకు పనికొచ్చే అంకె ఒకటి రోజూ తన చేత్తో రాయడమంటే ఆమెకు మాటలా? పప్పులో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని తప్ప ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏదీ తేల్చి చెప్పమనలేదు. పుస్తకం అట్ట మీద ‘పరిశీలకులు’ అన్న చోట సుదర్శనం తన పేరు రాసుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అనుకుంది గాని, ఆ పూట పెద్దగా బాధపడలేదు. అంకెలు తనవి కదా, చాలనుకుంది.

పెట్టె వచ్చి రెండు వారాలైనా కాకముందే అత్తగారు అమృతవల్లి మెట్ల దగ్గర అడ్డం నిలబడింది. భర్త గుడి కైంకర్యంలో ఉండి పోయినవాడు, ఆ మడీ ఆచారమూ ఆవిడ ఒక్క పూటా సడలించలేదు.

"యాడికే పోతుండావు? బయట చేరిన మూడు దినాలూ మేడెక్కరాదని తెలీదా? నా మడిబట్టలు పైన ఆరతా ఉండాయి."

"ఒక్క కాగితం మార్చి వచ్చేస్తా అత్తయ్యా. బట్టల వైపే పోను."

"నీ గాలి సోకితే సాలదా?"

ఏడు దేశాలు తిరిగే గాలికి లేని మైల తన గాలికి ఎక్కడిదో కుముదవల్లికి అర్థం కాలేదు. వెనక వసారాలో చాప మీద కూర్చుని భర్తను పిలిచింది. మూడు రోజులు మీరు మార్చండి, పది నిమిషాలే కదా అంది. మొదటి నెల ఒకరోజు మార్చాడు. రెండోరోజు మరిచిపోయాడు. మూడోరోజు, "పొద్దున్నే నాకు క్లాసుకు చదువుకునేది ఉంటాది కుముదా, నన్ను పీడించొద్దు," అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు. నాలుగోరోజు తలస్నానం చేసి పైకెక్కితే కాగితం మూడు రోజుల మసితో అట్లపెనం అడుగులా ఉండేది. అది ఏ రోజు లెక్కా కాదు. పారేసి కొత్తది పెట్టి, ఆ మూడు గళ్ళూ ఖాళీగా వదిలేసేది. తెలియనిది తెలిసినట్టు రాయకూడదని ఆమెకు చదువు చెప్పిన టీచరమ్మ లాబొరేటరీలో మొదటిరోజే చెప్పింది. కాలేజీ వదిలినా ఆ మాట మాత్రం కుముదవల్లిని వదల్లేదు.

అలా నెలనెలా మూడేసి ఖాళీలతో పుస్తకం సాగింది. రెండో ఏడు శ్రావణం తర్వాత ఖాళీలు ఆగిపోయాయి. భాద్రపదంలో లేవు, ఆశ్వయుజంలో లేవు. పేజీ తిప్పితే పేజీ, అంకెలు వరసగా, నిండుగా. ఇంట్లో వాళ్ళకు తెలియకముందే ఆ పుస్తకానికి తెలిసింది. ఒకరోజు పొద్దున మేడ మీద నిలబడి, మూడు పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పి చూసుకుని, పెట్టె మీద చెయ్యి వేసి ఒక్కతే నవ్వుకుంది. ఆ రోజు అంకె అయిదు. ఇంత మసి గాలి నువ్వు పీల్చాల్సిందే తల్లీ, ఏం చేయను, అందుకే కదా కొలుస్తున్నా అని కడుపుకు చెప్పింది. ఆడపిల్లే అని ఎందుకనుకుందో ఆమెకే తెలియదు.

కార్తీకంలో తుపాను పట్టినరోజు నీళ్ళ బిందె దించుతుంటే నడుం కింద పట్టేసింది. ఆసుపత్రిలో రెండు రోజులు. తిరిగొచ్చాక అత్తగారు వసారాలో చాప పరిచింది. "ఇది ఇంకా పెద్ద మైల. పోయిననాటి నుంచి పదకొండో దినం తలకు పోసుకోని లోపలికి రా." ఆ పదకొండు రోజుల్లో సుదర్శనం వసారా గడప దగ్గర నిలబడి అన్న మాట ఒక్కటే ఆమెకు గుర్తుంది. "పోతే పోనీలే. మళ్ళా కాకపోతాదా." పైన మోటారు చప్పుడు వానలోనూ వినిపిస్తూనే ఉంది. బిడ్డ పోయిందన్న ఏడుపులో మధ్యమధ్య, అయ్యో కాగితం నానిపోతుందే అన్న దిగులు వచ్చేది. ఇదేం మనిషినమ్మా నేను అని దానికీ ఏడ్చింది. పన్నెండోరోజు పైకెక్కి కొత్త కాగితం పెట్టి, పదకొండు గళ్ళు ఖాళీగా వదిలి, మర్నాడు పన్నెండో గడిలో రెండు వేసింది. పోయిన బిడ్డకు ఆ ఇంట్లో ఏ గుర్తూ లేదు. పేరు పెట్టలేదు, పూడ్చిన చోటు తెలియదు, మాట ఎత్తేవాళ్ళు లేరు. ఉన్నది ఆ పదకొండు గళ్ళే.

మూడో ఏడు ఆ అంకెలన్నీ కాలేజీ టైపిస్టు ఉన్నవి ఉన్నట్టు కొట్టి కొలంబోకు పంపాడు. రెండు నెలలకు జవాబొచ్చింది. సంతకం శ్రీమతి సుమనావతి అని. సుదర్శనం ఇంగ్లీషు ఉత్తరం చదివి విసుక్కుని బల్ల మీద పడేస్తే కుముదవల్లి తీసుకుని చదివింది. ‘మీ అంకెలు చాలా శ్రద్ధగా తీసినట్టు తెలుస్తోంది. అయితే దాదాపు ప్రతి నెలా మూడు రోజులు లేవు. ఒక చోట పదకొండు రోజులు లేవు. ఖాళీలున్నా ఫరవాలేదు. అవి ఎందుకు వచ్చాయో మాత్రం దయచేసి రాయండి.’ కుముదవల్లి ఆ చివరి రెండు ముక్కలూ నాలుగుసార్లు చదువుకుంది. పుట్టి బుద్ధెరిగాక, ఎందుకు అని ఆమెను అడిగిన మొదటి మనిషి సముద్రం అవతల ఉంది. ఆవిడ ఖాళీలు చూసింది. అంకెలు కాదు, ఖాళీలు.

"కారణం రాద్దామండీ," అంది ఆ సాయంత్రం.

సుదర్శనం అప్పటికే కొత్త పుస్తకం కొనుక్కొచ్చాడు. "కారణం ఏందే? దీంట్లోకి అంతా మళ్ళా ఎక్కించు. ఖాళీ ఉన్న చోట ముందురోజుదీ తర్వాతరోజుదీ సూసి మధ్యస్తంగా ఒకటి వెయ్యి. యంత్రం చెడిపోయి ఉండె, ఇప్పుడు సరిచేసినామని రాస్తాను. వచ్చే నెల మీటింగుకు నన్ను పిలిచినారు. ఇట్ల చిల్లులు పడిన పుస్తకం చంకలో పెట్టుకోని పోయేదా?"

"ఖాళీలున్నా ఫరవాలేదని రాసిందే ఆవిడ. కారణం చెబితే చాలంది."

"ఏమని చెప్పాల? మా ఇంట్లో ఆడది మూడు దినాలు వసారాలో కూర్చుంటాదని ఏడు దేశాలకు దండోరా వేయాల్నా? పరువుండాదా మనకు?"

"నా పేరు వద్దు. పరిశీలించే మనిషికి మేడెక్కే వీల్లేకపోయిందని రాయండి, చాలు."

"పరిశీలించే మనిషి నేను కదా. నీకేం వీల్లేకపోయిందప్పా అని నన్నడగరా?"

కుముదవల్లి తలెత్తింది. "అవును. మీకేం వీల్లేకపోయింది?"

పక్కగదిలో జపమాల ఆగింది. "మొగుణ్ణి నిలదీసే కాడికి వచ్చినావా! కడుపు నిలుపుకోను సేత కాలేదు గాని," అంది అమృతవల్లి గొంతు. ఆ మాట అయ్యాక జపమాల మళ్ళీ మొదలైంది. సుదర్శనం తల్లి మాట విననట్టే పెన్ను మూత తీసి భార్య చేతికిచ్చాడు.

ఆమె రాసింది. రాయక ఏం చేస్తుంది? మూడు రోజుల పాటు, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక కూర్చుని, మూడేళ్ళ గాలినీ కొత్త పుస్తకంలోకి ఎక్కించింది. ఖాళీ వచ్చినచోటల్లా మధ్యస్తంగా ఒక అంకె వేసింది. మొదటి అబద్ధానికి పెన్ను రెండుసార్లు ఆగింది. పదో అబద్ధానికి ఆగలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయమేసింది. కార్తీకం దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టేసింది. "ఇది నా వల్ల కాదు," అంది.

సుదర్శనం పుస్తకం తన వైపు లాక్కున్నాడు. ఆయనకు కోపం కూడా రాలేదు. "దానికేముండాది? తుపాను దినాలు కదా, తక్కువే ఉంటాది. నువ్వు పోయి కాఫీ పెట్టుకోని రా." ఆమె కాఫీ కలిపి తెచ్చేలోగా పని అయిపోయింది. రెండు, మూడు, రెండు, రెండు, మూడు. పదకొండు గళ్ళూ నిండిపోయాయి. ఏ రోజు గడి అని ఒక్కసారి ఆగి చూసినట్టు కూడా లేదు. ఆ పుస్తకం ప్రకారం మూడేళ్ళలో కుముదవల్లి ఒక్కనాడూ బయట చేరలేదు, ఏదీ పోగొట్టుకోలేదు. పాత పుస్తకాన్ని మర్నాడు అత్తగారు నీళ్ళపొయ్యి రాజెయ్యడానికి వాడింది.

సుదర్శనం కొలంబో వెళ్ళొచ్చాడు. ‘గాలికి ఎల్లలు లేవు’ అని తను మొదలుపెట్టగానే హాలంతా చప్పట్లు కొట్టిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. మేడ పద్దెనిమిది మెట్లే ఎల్ల అయిన మనిషి ఆ వచ్చినవాళ్ళందరికీ కాఫీలిచ్చింది. అందరూ వెళ్ళాక అడిగింది. "ఆ సుమనావతి కనిపించిందా?"

"ఆఁ, ఉన్నింది. పుస్తకం తిప్పి తిప్పి సూసింది. మొదట పంపిన దాంట్లో ఖాళీలుండెనే అనింది. యంత్రం సరిచేసినామన్నాను. నవ్వింది."

"ఎట్లా నవ్వింది?"

"నవ్వు ఎట్లుంటాదే? నవ్వినట్లే ఉంటాది."

ఆ తర్వాత కొలంబో నుంచి ఏ ప్రశ్నా రాలేదు. అడగడానికి ఖాళీ ఎక్కడుంది గనక? ఆ ఒక్క గుమ్మమూ తన చేత్తోనే మూసేశానని కుముదవల్లికి తెలుసు. పదకొండు తప్ప మిగతావన్నీ తను వేసినవే. మొగుడి మీద కోపం రెండు నెలలకు చల్లారింది గాని, ఇది చల్లారలేదు.

ఒక సోమవారం పొద్దున ఎప్పటిలాగే అయిదున్నరకు మేడెక్కింది. పెట్టె తలుపు తీయలేదు. తొట్టి గట్టు మీద కూర్చుంది. ఎదురుగా కొండ, కొండ మీద దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. కింద కాట్పాడి బండి పొగ కక్కుతూ కదిలింది. ఏడు ఉంటుంది ఇవాళ అనుకుంది. పుస్తకం తెరిచి నాలుగు వేసింది. మంగళవారం నాలుగు వేసింది. ఇక వసారాలో చాప మీద కూర్చున్న మూడు రోజులూ, పుస్తకం కొంగు చాటున పెట్టుకుని అక్కడినుంచే నాలుగు, నాలుగు, నాలుగు అని వేసింది. దానికి మేడెక్కే పనే లేదు, ఎవరి మడీ చెడలేదు. పెట్టెలో ఒకే కాగితం గాలి పీలుస్తూ నల్లబడుతూ ఉండిపోయింది.

ఏడాది తిరిగాక ఏడు దేశాల నివేదిక అచ్చయి వచ్చింది. సుదర్శనం భోజనాల దగ్గర పైకి చదివాడు. ఇన్ని ఊళ్ళలోనూ ఒక్కరోజు కూడా తప్పకుండా లెక్క పంపింది తిరుపతేనట, గాలి అన్నిటికంటే నిలకడగా ఉన్నదీ తిరుపతిలోనేనట. మిగతా దేశాలు ఈ ఊరిని చూసి నేర్చుకోవాలట.

"సూసినావా కుముదా," అన్నాడు, "ఖాళీలు లేకుంటే ఎంత మర్యాదో!"

కుముదవల్లి ఆయన విస్తట్లో చారు పోసింది. రేపటి గడిలో నాలుగు నిన్ననే వేసి పెట్టింది.