పుట్టింటి చీర

వాగు వెంట కొత్తగా వేసిన బాట మీద దశరథం నడుస్తున్నాడు. నడిచేవాళ్లకు ఒక పక్క, సైకిళ్లకు ఒక పక్క. నున్నటి సిమెంటు. గుట్టల నడుమ అందంగా ఉందని బెల్లంపల్లి జనం ఆదివారాలు వచ్చి ఫొటోలు దిగుతున్నారు. అతనికి ఆ నునుపు నచ్చలేదు.

ఒకప్పుడు ఇదంతా ఇసుక. బొగ్గుబాయిలో సెలవు దొరికితే భార్య దుర్గవ్వను సైకిలు వెనక ఎక్కించుకొని ఈ దారినే ఆమె పుట్టింటికి తీసుకుపోయేవాడు. చక్రం దిగబడగానే ఆమె దూకి నెట్టేది. నెడుతూనే తిట్టేది. ఎండాకాలం వాగులో చేతులతో చెలిమె తవ్వేది. ఊరిన నీళ్లు తేటపడే దాకా అతన్ని ముట్టనిచ్చేది కాదు. అంత చల్లటి నీళ్లు తర్వాత ఏ ఫ్రిజ్జులోనూ దొరకలేదు.

ఇవాళ పోతున్నది దుర్గవ్వ తమ్ముడు రాజం ఇంటికి. తన కూతురు నవత పెండ్లి. మేనమామ గంపలో కూర్చోబెట్టి తెస్తేనే పీటల మీదికి వస్తానని నవత పట్టుబట్టింది. పిలవడానికి తండ్రే పోవాలంది.

దుర్గవ్వ పోయిన రోజు నుంచి రాజంతో మాటల్లేవు. చనిపోయిన ఆడపిల్ల మీద పుట్టింటివాళ్లు చీర కప్పాలి. పొద్దుగూకే దాకా పాడె ఆపారు. చీర రాలేదు. చివరికి పక్కింటివాళ్లు ఇచ్చింది కప్పి లేపారు.

వాగు మీది కొత్త వంతెన దగ్గర రాజమే సైకిలు మీద ఎదురొచ్చి దిగాడు. నవత ఫోన్ చేసి చెప్పిందట.

“గా దినం గీ బ్రిడ్జి లేకపాయె బావా. వాగు నడుము దాటి పారుతుండె. చీర నెత్తిన పెట్టుకొని ఒడ్డుకే నిలబడ్డ.”

దశరథం నీళ్ల వంక చూశాడు. “నీకు జరమొచ్చిందంటే మీ అక్క గీ వాగే దాటింది. బర్రె తోక పట్టుకొని.”

రాజం తల దించాడు. అటు ఒడ్డెక్కి, తడిసిన కొంగు పిండుకుంటూ దుర్గవ్వ ఎట్లా నవ్విందో దశరథానికి కళ్లకు కట్టింది. వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. పోతే నవత పీటలెక్కదు. తల్లి మొండితనమే దానిది.

“వచ్చే గురువారం పెండ్లి. గంప నువ్వే ఎత్తాలె.”

“వస్త బావా.”

“దానికి మేనమామవని పిలుస్తున్న. నాకు నువ్వు ఏం కావు.”

రాజం ఆ మాటకూ తలూపాడు. ఇంటిదాకా వచ్చి ఇంత తిని పొమ్మన్నాడు. దశరథం వద్దని వెనక్కి మళ్లాడు. రాజం సైకిలు పట్టుకొని వెనకాలే నడిచాడు. దశరథం తిరిగి చూడలేదు. పొమ్మని కూడా అనలేదు.