మైకు ఆగేలోగా

బావ చెవులకు పెద్ద నల్లటి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పరీక్ష హాల్లో చివరి గడిలో కూర్చుని ఉన్నాడు, నేను తలుపు దగ్గర నిలబడి అతని వీపు చూస్తున్నాను, కానీ హాల్లో నేలంతా తడి ఇసకే, కంప్యూటర్ల కింద నుంచి పల్చటి నీళ్లు వచ్చి కుర్చీల కాళ్లు తడిపి మళ్లీ వెనక్కి పోతున్నాయి, అందుకు ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. గుర్తింపుకు అరచేతులు చూసి లోపలికి పంపే అమ్మాయి నా చెయ్యి చాపమంటుంది. చాపలేను. నా చేతుల్లో బావ చెప్పులున్నాయి.

"చెప్పులు లోపలికి తేకూడదు," అంటుంది ఆ అమ్మాయి, మా ఊరి తెలుగులో.

"ఆమె నా మనిషేలే, రానియ్యి," అంటాడు బావ తల తిప్పకుండానే. "ఏంది సువార్తా, ఇంకా మోస్తానే ఉన్నావా వాటిని?"

ఆ చెప్పులు అతను నాకిచ్చింది సముద్రం ఒడ్డున. తువ్వాలూ ఫోనూ కూడా ఇచ్చి, ఇప్పుడే వస్తానన్నాడు. మాది కనిగిరి పక్క ఊరు, నీళ్లంటే మాకు దిగుడుబావిలో నీళ్లే, కదలకుండా పడుకుని ఉండే నీళ్లు. అందుకే బావ ఒడ్డున నిలబడి కాసేపు చూశాడు, రెండు పక్కలా అలలు తెల్లగా విరిగిపడుతున్నాయి, మధ్యలో ఒక బాట మాత్రం అలల్లేకుండా నున్నగా ఉంది, "అక్కడ నెమ్మదిగా ఉంది, అక్కడ దిగుతా," అన్నాడు. సముద్రం తెలిసినవాళ్లు దిగని చోటే అది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పరిగెత్తే దారి అది, అందుకే అలలుండవు. ఆ సంగతి నాకు తర్వాత చెప్పారు, ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని ఇసకలో వేలితో గీసి మరీ చెప్పాడు. బావను పెట్టెలో పెట్టి ఊరికి తీసుకుపోయాం, చర్చి వెనక సమాధుల తోటలో మట్టి నేను కూడా వేశాను. ఇదంతా కలలో కూడా నాకు తెలుసు, తెలిసే అడుగుతున్నాను.

"ఇక్కడేం చేస్తున్నావు బావా?"

"కనబడట్లా? పరీక్ష. ఐదోసారి."

"ఇంకెందుకు రాయడం?"

"నాలుగుసార్లు తప్పినోణ్ని మధ్యలో వదిలేస్తానా? మనూరోళ్లు వింటే నవ్వరూ?"

అతని ముందు తెర మీద ఒక నీలం గీత అడ్డంగా పడుకుని ఉంది. మాట్లాడితే అది లేవాలి. ఈ ఆస్ట్రేలియాలో ఎప్పటికీ ఉండనివ్వాలంటే మనిషికి పాయింట్లు వేస్తారు, వయసుకిన్ని, చదువుకిన్ని, చేసే పనికిన్ని, వచ్చిన ఇంగ్లీషుకిన్ని. నేను నర్సుని, దరఖాస్తు నా పేరు మీద, బావ నా భర్తగా వచ్చాడు. నాకు తక్కువ పడ్డాయి. భర్త ఇంగ్లీషు పరీక్ష పాసైతే ఐదు కలుస్తాయన్నారు. బావకు ఇంగ్లీషు రాక కాదు, కూరగాయల గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్టు నడుపుతూ అన్ని దేశాలవాళ్లతో నవ్వుతూ వేగేవాడు. పరీక్షలో మాట్లాడాల్సింది కంప్యూటరుతో, అది ఆగదు. కూతపెట్టాక మూడు సెకన్లు ఊరుకుంటే మైకు ఆగిపోతుంది. బావను ఏమడిగినా ముందు ఒకసారి కిందకు చూస్తాడు, మాటలు కూడగట్టుకుంటాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. పిల్లాడు ఆలోచించి మాట్లాడతాడని ఊళ్లో అందరికీ అదే ముచ్చట. మా పెళ్లిలో పాస్టరుగారు ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా అనడిగినప్పుడు కూడా అట్లాగే కిందకు చూసి ఊరుకుంటే, చర్చంతా గుసగుసలు మొదలై, మా మేనత్త వెనక నుంచి వచ్చి కొడుకు జబ్బ గిల్లింది. ఆ ఊరుకోవడమే కంప్యూటరుకు ఏమీ తెలియకపోవడంలా కనబడింది.

బావ లేచి నిలబడతాడు. గడికీ గడికీ మధ్య అడ్డుపలకలు వంగి రాతిమెట్లవుతున్నాయి, మేమిద్దరం ఆ మెట్లు దిగుతున్నాం, ఇది మా పొలం పక్క దిగుడుబావే, నా చిన్నప్పుడే ఎండిపోయి తుమ్మచెట్లు మొలిచిన బావి, ఇప్పుడు నిండా నీళ్లున్నాయి. బావ చివరి మెట్టు మీద కూర్చుని వేలితో ముంచి నాలిక్కి రాసుకుంటాడు. "ఉప్పగుంది," అంటాడు, తనదేదో పొరపాటైనట్టు. నేను పై మెట్టు మీద కూర్చుంటాను. హెడ్‌ఫోన్ల తీగ నీళ్లలోకి వేలాడుతోంది.

"పాయింట్లు ఏమైనయ్యి?" అంటాడు.

"అట్లాగే ఉన్నయ్యి. నువ్వున్నట్టే ఉంది దరఖాస్తులో. మార్చలేదు."

"వీసా?"

"ఈ నెలాఖరుకు అయిపోతుంది."

"మరి కన్సల్టెంటు ఏమన్నాడు?"

చెప్పాలనిపించడం లేదు, కానీ కలలో దాచుకోవడానికి చోటు లేదు. "ఫోన్ చేశాడు. మీ హజ్బెండ్ మళ్లీ ఎప్పుడు రాస్తున్నారు మేడం అన్నాడు. ఆయన లేరండీ అన్నా. ఎప్పుడొస్తారు మేడం, మళ్లీ చేస్తా అన్నాడు."

బావ భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు.

"తర్వాత అతనే ఎవరి దగ్గరో విని మళ్లీ చేశాడు. సారీ మేడం, సారీ మేడం అంటూనే, ఒక మంచి విషయం ఏంటంటే, అని ఆగిపోయాడు."

"ఏంది ఆ మంచి విషయం?"

"భాగస్వామి లేనివాళ్లకు పది పాయింట్లంట."

నీళ్ల మీద గాలి కూడా లేదు. బావ ఒకసారి కిందకు చూస్తాడు. చూస్తూనే ఉంటాడు. ఇక్కడ ఎవరూ లెక్కపెట్టడం లేదు, ఏదీ ఆగిపోవడం లేదు, అతను ఎంతసేపైనా ఊరుకోవచ్చు, ఆ ఊరుకోవడం పక్కన కూర్చుని చాలాకాలమైందని నాకు ఇప్పుడు తెలుస్తోంది, అది ఇంకా కొంచెంసేపు ఉంటే బాగుండుననుకుంటున్నాను.

"పాసైతే ఐదు, పోతే పదా?" అంటాడు చివరికి. "ముందే చెప్పొచ్చుగదే! ఆ హెడ్‌ఫోన్లతో నాలుగుసార్లు చెవులు నొప్పి పుట్టించుకున్నా."

"నవ్వకు బావా."

"నవ్వక ఏం చెయ్యను? మా అమ్మతో చెప్పు, నీ కొడుక్కి మొత్తానికి మార్కులొచ్చినయ్యని."

"ఆ పది నాకొద్దు. నిన్ను అమ్ముకున్నట్టుంటుంది."

"ఎవరు కొంటారు నన్ను, మాట రానోణ్ని?" అని, నా మొహం చూసి ఆపేస్తాడు. "సరే, నవ్వను. ఒకటి చెప్పు. నీకు ఇక్కడ ఉండాలనుందా, ఊరికి పోవాలనుందా?"

మేము మాట్లాడుతుండగానే బావిగట్టు మీద నేను పనిచేసే వృద్ధాశ్రమం కిటికీలు కనబడుతున్నాయి, వరసగా, ఒక్కో కిటికీకి తెర పక్కకు లాగుతున్న చెయ్యి నాదే. ఆ గదుల్లో డోరతీ అనే ముసలామె టీ చల్లారిపోయేదాకా నా చెయ్యి వదలదు. అక్కడ నేను నర్సుని. ఊళ్లో అడుగుపెడితే ఏసోబు పెళ్లాన్ని, నన్ను చూడగానే ఆడవాళ్ల గొంతులు తగ్గిపోతాయి, తలలు ఒక పక్కకు వాలతాయి. అత్త ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోన్ చేస్తుంది, ఎప్పుడొస్తావు తల్లీ అంటుంది, మీ గదిలో మంచం అట్లాగే ఉంచానంటుంది.

"ఉండాలనుంది," అంటాను.

"మరి ఏడవడమెందుకు?"

"అదే సిగ్గుగా ఉంది బావా. నిన్ను లాక్కుపోయిన సముద్రం పక్కనే బతకాలనుందని అత్తతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అమ్మకు నేను చెప్తాలే."

"నువ్వా?"

"అవును గదా," అంటాడు మెల్లగా. "మర్చిపోయా."

నీళ్లు ఒక మెట్టు పైకి వచ్చాయి. అతని పాదాలు మునిగాయి, నావి మునగలేదు. నేను చెప్పులు గుండెకు ఆనించుకుంటాను.

"దరఖాస్తులో మార్చడానికి ఎన్నిసార్లు కూర్చున్నావు?" అంటాడు.

"చాలాసార్లు. ఆ గడి దగ్గరకు రాగానే వేలు రాదు."

"నోటితో అన్నావా ఎప్పుడైనా?"

లేదు. ఒడ్డున పోలీసులు వాళ్ల భాషలో అన్నారు, నేను తలూపాను. ఊరికి ఫోన్ చేసినప్పుడు బావ నీళ్లలోంచి రాలేదని మాత్రం చెప్పాను, మిగతాది మా స్నేహితురాలు ఫోన్ లాక్కుని చెప్పింది. ఊళ్లో మా వాళ్లెవరూ ఆ మాట అననే అనరు, పాస్టరుగారు ప్రభువునందు నిద్రించాడన్నారు, వచ్చినవాళ్లంతా అదే అన్నారు, సమాధి రాయి మీద కూడా అదే చెక్కించారు, నాకు అది మెత్తగా ఉండి నేనూ అందులోనే ఉండిపోయాను.

"నిద్రపోయినోడి పెళ్లాం అని ఆ దరఖాస్తులో గడి ఉండదే పిల్లా," అంటాడు బావ. "నోటితో అనలేనిదాన్ని వేలితో ఎట్లా నొక్కుతావు? ముందు అను."

హెడ్‌ఫోన్లు తీసి నా తలకు పెడతాడు. లోపల ఇసక ఉంది, అతని చెవుల వేడి ఇంకా ఉంది. బావి నీళ్లే తెర అయ్యాయి, నీలం గీత నా ముందు అడ్డంగా పడుకుని ఉంది, దాని పైన ఒక బొమ్మ. బొమ్మ చూసి చెప్పాలి. రెండు పక్కలా తెల్లగా విరిగే అలలు, మధ్యలో నున్నటి బాట, ఒడ్డున ఒక ఆడమనిషి, చేతిలో చెప్పులు.

కూత వినబడుతుంది. నోరు తెరుస్తాను. బావ నాకు కనబడేలా ఒక వేలు ఎత్తుతాడు, రెండో వేలు, మూడో వేలు. మైకు ఆగిపోతుంది.

"మళ్లీ," అంటాడు.

మళ్లీ కూత. మళ్లీ మూడు వేళ్లు. ఇంకోసారి. ఇంకోసారి.

"నీ సంగతి ఇప్పుడు తెలిసింది బావా," అంటాను. "ఇంత తొందరగా అయిపోతుందా మూడు?"

"నేను చెప్తే విన్నావా? కిందకు చూడకు, గోడ మీద గడియారం చూడమంటివి."

ఏ బొమ్మ వచ్చినా పనికొస్తుందని కోచింగ్‌లో అతనికి ఒక వాక్యం బట్టీ పట్టించారు. ఇంట్లో పప్పుగిన్నె మూత తీసినా, నా తడిజుట్టు చూసినా అదే చెప్పి నవ్వించేవాడు. ఇప్పుడు నాకు అదొక్కటే నోటికొస్తోంది. "ఇచ్చిన బొమ్మలో సమాచారం చాలా స్పష్టంగా కనబడుతోంది," అంటాను. గీత కొంచెం వణికి పడుకుంటుంది.

"కనబడుతోంది సరే," అంటాడు బావ, నవ్వకుండా. "ఏం కనబడుతోంది?"

కూత.

"ఈమె చేతిలో ఉన్నవి," అంటాను, "ఈమె భర్త చెప్పులు." ఒక వేలు. "ఈమె నేనే." రెండో వేలు. అతని చేతివేళ్లు చూడకుండా అతని మొహం చూస్తూ అంటాను, "నా భర్త చనిపోయాడు."

గీత లేస్తుంది. బొమ్మలో నున్నటి బాట మీద అలలు పుడుతున్నాయి, అన్ని చోట్లా పుట్టినట్టే అక్కడా తెల్లగా విరిగి ఒడ్డుకు వస్తున్నాయి. ఆకాశం ఏమీ విరిగిపడలేదు. బావ ఎత్తిన రెండు వేళ్లు మెల్లగా ముడుస్తాడు.

"అంతే," అంటాడు. "ఇక ఆ చెప్పులు ఇటియ్యి. ఎండగా ఉంది, ఇసక కాలుతుంది."

ఇస్తాను. చేతులు తేలికైపోతాయి, అది నాకు అస్సలు బాగాలేదు. అతను వంగి ఒకటొకటిగా తొడుక్కుంటాడు, దులుపుకుంటూ మెట్లెక్కుతాడు, గట్టు మీద ఇప్పుడు బళ్లో అన్నం గంట కొడుతున్నారు, పళ్లేలు మోగుతున్నాయి, ఎండ ఎక్కువై అతని చొక్కా రంగు తెలియడం లేదు.

"బావా, నువ్వు వెళ్లాక నేను..." అని అడగబోతాను, ఏమడగాలో సగంలో మర్చిపోతాను.

అతను ఆగుతాడు. వెనక్కి తిరిగి, జవాబు చెప్పే ముందు ఎప్పటిలాగే ఒకసారి కిందకు చూస్తాడు. నేను చూస్తూ నిలబడతాను. ఎంతసేపైనా నిలబడగలను. మాటలు కూడగట్టుకుంటున్నాడు, ఇప్పుడు తలెత్తుతాడు, ఇప్పుడు...

మధ్యాహ్నపు ఎండ మంచం మీదకు వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా పడుకున్నట్టున్నాను. చెవుల్లో బావ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, చెంప కింద అతని ఫోను. అతను పరీక్షకు సాధన చేసిన యాప్ అది, అందులో అతను మాట్లాడడం మొదలుపెట్టకముందే ఆగిపోయిన రికార్డింగులు ఇంకా ఉన్నాయి, పొద్దున అవే వింటూ పడుకున్నాను, వాటిలో ఊపిరి తప్ప ఏమీ ఉండదు. నిద్రలో చెంప తగిలి మైకు నొక్కుకున్నట్టుంది. తెర మీద నీలం గీత చదునుగా పడుకుని ఉంది, కింద ఇంగ్లీషులో రాసి ఉంది: మీ గొంతు వినబడలేదు, మళ్లీ ప్రయత్నించండి.

లేచి కూర్చున్నాను. మైకు గుర్తు మీద వేలు పెట్టాను. కూత వినబడింది.

ఒకసారి కిందకు చూశాను. అది ఆగేలోగా తలెత్తి, తెలుగులోనే, ఆ మాట అన్నాను. గీత కదిలింది.