మొదటి గరిటె

గరిటెమ్మ ఓడెక్కింది విహారానికి కాదు, తగువు తేల్చుకోవడానికి.

ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. బస్టాండు వెనక సందులో ఆవిడకో భోజన హోటలుంది. అక్కడో పద్ధతుంది. మధ్యాహ్నం తలుపు తీశాక, జనం చేతులు కడుక్కుని గోడవారగా నిలబడ్డాక, పొయ్యి దిగిన ప్రతి గిన్నెలోంచీ గరిటెమ్మ ఒక గరిటెడు తన పళ్ళెంలో వేసుకునేది. గది మధ్యలో నిలబడి, అందరూ చూస్తుండగా తినేది. తిని, మూతి తుడుచుకుని "రండి" అనేది. ఆ మాట పడ్డాకే కుర్చీలు లాగిన చప్పుడు. వండినవాడు తినలేనిది కొనుక్కున్నవాడికి పెట్టకూడదని ఆవిడ నియమం. డబ్బాలోదీ, పొట్లంలోదీ, ఐసుపెట్టెలోదీ ఆ గడప తొక్కకూడదన్నది ఇంకో నియమం. ఏ పూటకాపూట బజారుకెళ్ళి తేవాల్సిందే.

ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. గరిటె ఎవరికో ఒకరికి అప్పగించక తప్పదు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. అది గల్లాపెట్టె దగ్గర పులే గానీ పొయ్యి దగ్గర పిల్లి. అల్లుడు వంటవాడే, కాదనడానికి లేదు. కానీ ఎక్కడి వంటవాడు? విహారయాత్రలు తిరిగే ఓడలో! సూపులు కాచడం అతని పని. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళమీదే కాపురం.

"ఆయన ఉద్యోగం మానేసి వచ్చేస్తానంటున్నారమ్మా. నువ్వు ఊఁ అంటే చాలు," అంది కూతురు.

"వచ్చి ఏం వండుతాడే? నడిసముద్రంలో బజారెక్కడేడిసింది? అక్కడ ఉన్నదంతా పొడులూ డబ్బాలూనూ. నీళ్ళు పోసి కలపడమే వంటయితే, సున్నం కలిపేవాడూ వంటవాడే!"

"తినకుండానే తేల్చేస్తావేం?"

ఆ మాట గరిటెమ్మకి చురుక్కుమని తగిలింది. తినకుండా తీర్పు చెప్పడం ఆవిడ వృత్తిధర్మానికే తప్పు. "సరే, తినే చెప్తాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. ఈ నాలుక నన్నింతవరకూ మోసం చెయ్యలేదు. అక్కడ నిజంగా తాజా సరుకుతో వండుతున్నారా, హోటలు తాళాలు నీ మొగుడి చేతిలో పెడతాను. లేదా, ఈ ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను," అంది.

ఓడలో పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళకి ఎప్పుడైనా ఒక ప్రయాణం చవగ్గా ఇస్తారు. తల్లీకూతుళ్ళు అలా ఎక్కారు. నడిసముద్రంలో పస్తుండాల్సొస్తే ఎలా అని గరిటెమ్మ బట్టల సంచీ అడుగున, చలికోటు మడతల్లో ఓ మూటెడు టమాటాలు కూడా పెట్టుకుంది. ఆ పొద్దున్నే బజారంతా గాలించి ఏరినవి. ఎర్రగా, మెత్తగా, ముట్టుకుంటే పగిలేలా ఉన్నవి. సరుకు ఏరడంలో ఆవిడ తరవాతే ఎవరైనా.

ఎక్కిన సాయంత్రం భోజనాల హాల్లో చేప వడ్డించారు. హాలు సినిమాహాలంత ఉంది. బల్లకి అవతల రిటైరైన లెక్కల మాస్టారూ, ఆయన భార్యా కూర్చున్నారు. గరిటెమ్మ ఓ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చేప వెన్నలా విడిపోయింది. నీచు లేదు, నీళ్ళదనం లేదు.

"చేప మాత్రం తాజాది!" అని ప్రకటించింది. "ఉండదూ మరి? సముద్రం నడిబొడ్డున ఉన్నాం. వలేసి లాగుతుంటారు."

"వలా? నాకెక్కడా కనపడలేదే," అన్నారు మాస్టారు.

"ముందువైపు నిలబడి చూస్తే ఎలా కనపడుతుందండీ? వెనక వేస్తారు."

అంత గట్టిగా చెప్పేసరికి మాస్టారు నమ్మేశారు. మర్నాడు పొద్దున్నే ఓడ వెనక కటకటాల దగ్గర నిలబడి నీళ్ళలోకి తొంగిచూస్తూ కనిపించారు. ఆయన భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది.

ఆ పొద్దున టిఫిన్లో గిలక్కొట్టి వేయించిన గుడ్డు పెట్టారు. గరిటెమ్మ ఒక చెంచా తిని, చెంచా కింద పెట్టేసింది. కాసేపటికి అల్లుడు పలకరించడానికి వచ్చాడు. తెల్లకోటు వేసుకుని, టోపీ చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"అల్లుడుగారూ, మీ ఓడలో గుడ్లకి పెంకులుంటాయాండీ?"

కూతురు తింటున్నదల్లా ఆగింది. అమ్మకి కోపమొస్తే మర్యాద పెరుగుతుంది. మామూలుగా 'నువ్వు' అనే మనిషి 'మీరు' అందంటే ముప్పు దగ్గరపడినట్టే.

"ఈ గుడ్డుకి లేదత్తయ్యా," అన్నాడు అల్లుడు తడుముకోకుండా. "సొన డబ్బాల్లో వస్తుంది. ఇంతమందికి పొద్దున్నే పెంకులు పగలగొడుతూ కూర్చుంటే టిఫిను సాయంత్రానికి అందుతుంది. సొన చెదరకుండా వేసిమ్మంటే మాత్రం పెంకు గుడ్డే కొడతారు."

"చూశావా? డబ్బా! నేను చెప్పలా?" గరిటెమ్మ మొహం వెలిగిపోయింది.

"అమ్మా, కోడిగుడ్డు మీద ఈకలు పీకకు."

"పీకడానికి అది కోడి పెట్టిందో లేదో ముందు తేలాలిగా!"

అల్లుడు నవ్వేశాడు. నవ్వినందుకు గరిటెమ్మకి ఒళ్ళు మండింది గానీ, దాచకుండా చెప్పినందుకు లోపలెక్కడో నచ్చింది కూడా.

ప్రయాణం సగం గడిచేసరికి గదిలో వాసన మొదలైంది. గదులు తుడిచే అమ్మాయి ముక్కు మూసుకుని "ఏదో చచ్చినట్టుందమ్మా" అంది. కూతురు సంచీ బోర్లించింది. టమాటాలన్నీ పగిలి, బూజుపట్టి, చలికోటు నిండా కారిపోయి ఉన్నాయి. కూతురు నవ్వలేక చచ్చింది. గరిటెమ్మకి మాత్రం నవ్వు రాలేదు. చేతులారా ఏరుకొచ్చిన సరుకు, తన కళ్ళముందే పాడైంది. కోటు బకెట్లో నానబెడుతున్నంతసేపూ మనసు చివుక్కుమంటూనే ఉంది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే టమాటా సూపు వచ్చింది. ఎర్రగా నిగనిగలాడుతోంది. తొక్క లేదు, గింజ లేదు. గరిటెమ్మ తాగింది. మళ్ళీ తాగింది. బాగుంది. బాగుండడమే ఆవిడకి మంటెక్కించింది.

"ఏరి కోరి తెచ్చిన నా టమాటాలే చచ్చాయి. వీళ్ళవెలా బతుకుతాయి? ఇది పొడి! కాదంటే డబ్బా!" అని హాలంతా వినపడేలా అంది. "అల్లుడుగారిని పిలవండి!"

అల్లుడొచ్చాడు. సంగతి విన్నాడు. ఈసారి అతని మొహంలో నవ్వు లేదు. గుడ్డు అతని పని కాదు, సూపు అతని పని.

"ఇది టమాటాయే అత్తయ్యా. తెల్లారుజామున నేనే ఉడికించాను."

"నా చెవిలో పువ్వులు పెట్టకండి."

"పెట్టను. మీరే వచ్చి చూడండి."

పెద్ద వంటవాడిని అడిగి, తల్లీకూతుళ్ళిద్దరికీ తలకి జాలీటోపీలు తగిలించి, కిందికి తీసుకెళ్ళాడు. ఇనప మెట్లు దిగుతుంటే గరిటెమ్మ మోకాళ్ళు కలుక్కుమంటున్నా పంతం ఆవిణ్ణి దింపింది. కింద చల్లటి గది. గోడ పొడుగునా టమాటాల పెట్టెలు. ఈ చివర ఎర్రవి, మధ్యలో దోరవి, ఆ చివర ఆకుపచ్చగా రాళ్ళలా ఉన్నవి. స్టోరు చూసే పెద్దాయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని ఒక్కో కాయనీ తిప్పి చూస్తున్నాడు. మెత్తబడినదాన్ని ఇటు జరుపుతున్నాడు, మచ్చపడినదాన్ని బుట్టలో పడేస్తున్నాడు.

"ఇవి ఇవాళ్టివి. ఇవి రేపటివి," అన్నాడు అల్లుడు నడుస్తూ. "ఆ పచ్చవి మనం ఒడ్డు చేరే రోజువి. రేవులో ఎక్కించుకునేటప్పుడే ఏ రోజుకి పండేవి ఆ రోజుకని ఏరి కొంటారు. వండాక తొక్కా గింజా పోయేదాకా వడకడతాం, అందుకే మీకు కనపడలేదు."

గరిటెమ్మ ఎర్రది ఒకటి తీసి బొటనవేలితో నొక్కింది. వాసన చూసింది. అడక్కుండానే కొరికింది. రసం గడ్డం మీదుగా కారింది. పచ్చగడ్డి వాసనా, పులుపూ, ఆ వెనకే సన్నటి తీపీ తగిలాయి. అబద్ధమాడడం టమాటాకి చేతకాదు.

"మరి నావెందుకు చచ్చాయి?"

"మీరెలాంటివి ఏరారు?"

"ఎర్రగా, మెత్తగా, ఆ పూటకే..." అని ఆగిపోయింది. జీవితమంతా ఆ పూటకే కొన్న మనిషి. రాబోయే రోజు కోసం పచ్చికాయ కొనాలన్న ఊహే ఎన్నడూ రాలేదు.

గది బయటికొచ్చి గోడకి చేరబడింది. కొంగుతో గడ్డం తుడుచుకుంది. తప్పయితే తప్పనడం ఆవిడకి కష్టమే గానీ, చేతకాని పని కాదు.

"సూపు దగ్గర నా నాలుక పొరపడింది. మనిషన్నాక ఒకసారి పొరపాటు జరగదూ? అయినా చేప తాజా, సూపు తాజా. గుడ్డొక్కటే డబ్బా, అదీ నువ్వు దాచలేదు. తాళాలు నీవే అల్లుడూ."

కూతురు సంతోషం పట్టలేక మొగుడి చెయ్యి పట్టుకుంది. అల్లుడు మాత్రం టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"అత్తయ్యా, చేప తాజా కాదు."

"ఏవిటీ?"

"ఐసుపెట్టెలోది. గడ్డకట్టినదే ఓడెక్కుతుంది. ఇక్కడెవరూ వల వెయ్యరు."

"ఎవరడిగారండీ మిమ్మల్ని?" కూతురు అతని చెయ్యి విదిలించేసింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇచ్చేశానంది కదా! నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోయింది?"

"రేపు నేను ఆవిడ హోటల్లో గది మధ్య నిలబడి అందరిముందూ మొదటి గరిటె తినాలి. ఈ నిజం మింగి అక్కడెలా నిలబడను?" అన్నాడతను.

గరిటెమ్మ మెట్లెక్కి పైకి పోయింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. తాజాదాన్ని పొడి అంది, గడ్డకట్టినదాన్ని తాజా అంది. ఇన్నేళ్ళు ఏ నాలుకని చూసుకుని మిడిసిపడిందో ఆ నాలుకే నవ్వులపాలు చేసింది. ఓడ వెనక్కి వెళ్ళేసరికి, కటకటాల దగ్గర ఇంకెవరు? లెక్కల మాస్టారు!

"ఇవాళా కనపడలేదండీ వల," అన్నారాయన దిగులుగా.

"లేదు మాస్టారూ. వలా లేదు, నా తలకాయా లేదు. పప్పులో కాలేశాను. ఆ చేప ఐసుపెట్టెలోది."

"అలాగా! బాగుందే మరి?"

"బాగుంది," అంది గరిటెమ్మ. అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినపడింది. బాగుంది. బాగున్నదాన్ని బాగుందనే చెప్పింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం తెలియకుండా చెప్పింది. అది చెప్పడానికి నాలుక చాలదు, పక్కనో మనిషుండాలి. ఇవ్వబోతున్న తాళాలు పోతాయని తెలిసి కూడా చెప్పే మనిషి.

కిందికి వెళ్ళేసరికి భార్యాభర్తలు చెరో గోడవైపూ తిరిగి నిలబడి ఉన్నారు.

"తాళాలు నీవని ఒకసారి అన్నాను. రెండోసారి అనిపించుకోకు," అంది. "ఐసుపెట్టెలోది వండితే వండు, కానీ ఇప్పుడు నాతో చెప్పినట్టే అక్కడా చెప్పాలి. గరిటె నోట్లో పెట్టుకునే ముందు, అందరికీ వినపడేలా."

"జనం లేచి వెళ్ళిపోతే?"

"పోతే పోతారు. ముందు చెప్పు."

ఉద్యోగానికి దణ్ణం పెట్టి అల్లుడు ఒడ్డుకొచ్చేశాడు. ఐసుపెట్టె హోటలు గడప దాటుతున్నప్పుడు గరిటెమ్మ మొహం పక్కకి తిప్పుకుంది, కానీ అడ్డుపడలేదు.

మొదటి మధ్యాహ్నం జనం ఎప్పటిలాగే చేతులు కడుక్కుని గోడవారగా నిలబడ్డారు. గరిటెమ్మ గల్లాపెట్టె పక్కన కుర్చీలో కూర్చుంది. ఆ గదిలో ఆవిడ ఆ వేళప్పుడు కూర్చోవడం ఎవరూ చూడలేదు. అల్లుడు పళ్ళెం పట్టుకుని గది మధ్యకి వచ్చాడు.

"టమాటాలు పొద్దున బజారులో కొన్నవి. చేప మాత్రం ఐసుపెట్టెలోది," అన్నాడు. రెండూ తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. "రండి."

ఒక్క కుర్చీ కదల్లేదు. ముందు వరసలో ఉన్న ముసలి బస్సు డ్రైవరు, హోటలు తెరిచిన నాటి నుంచీ తింటున్న మనిషి, గరిటెమ్మ వైపు తిరిగాడు.

"ఐసుపెట్టెలోదా? ఈ హోటల్లోనా అమ్మా?"

కూతురు గల్లాపెట్టె అంచు గట్టిగా పట్టుకుంది. గరిటెమ్మకి లేచి నిలబడి ఏదో ఒకటి గట్టిగా చెప్పాలనిపించింది. మోకాళ్ళు సహకరించలేదు. కూర్చున్నచోటు నుంచే ఖాళీ పళ్ళెం చాపింది.

"నాకు పెట్టు. చేపే పెట్టు."

అల్లుడొచ్చి వడ్డించాడు. ఆ గదిలో ఇంకొకరు వండి పెట్టగా ఆవిడ తినడం అదే మొదలు. అందరూ చూస్తున్నారు. గరిటెమ్మ కళ్ళు మూసుకోకుండా, డ్రైవరు మొహంలోకి చూస్తూ తింది.

"చెప్పి మరీ పెడుతుంటే ఇంకేం అనుమానమయ్యా? వచ్చి కూర్చో, చల్లారిపోతుంది."

డ్రైవరు ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత కుర్చీ లాగాడు. ఆ వెనక ఇంకో కుర్చీ, ఆ వెనక గదంతా చప్పుడు.

గరిటెమ్మ పళ్ళెం మళ్ళీ చాపింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని ఎవరైనా అంటే ఊరుకునే మనిషి కాదు.

"ఇంకో గరిటె వెయ్యి, అల్లుడూ."