గడియ లేని తలుపు

ఎనభై దగ్గరపడ్డ మనిషికి ఒంటరిగా కూర్చునే చోటు ఇంట్లో ఒక్కటైనా ఉండాలా వద్దా? టైలరమ్మకి మిగిలింది స్నానాలగది ఒక్కటే. దాని గడియ కూడా ఊడబీకేశాడు కొడుకు.

జరిగిందల్లా ఇంతే. రెండు నెలల కిందట సబ్బునురుగు మీద కాలు జారి కూలబడింది. మోచెయ్యి గీరుకుపోయిందే తప్ప ఇంకేం కాలేదు. లోపల గడియ వేసి ఉండడంతో, ఆవిడ లేచి తీసేలోగా కొడుకు తలుపు బద్దలుకొట్టబోయాడు, కోడలు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ సాయంత్రమే గడియ విప్పేసి, లోపల గోడకి స్టీలు కడ్డీ ఒకటి బిగించి, "ఇక నీకేం భయం లేదమ్మా" అన్నాడు, కోట గెలిచొచ్చినవాడిలా.

అప్పట్నుంచీ ఆవిడ లోపలికెళ్ళి చెంబు ఎత్తేలోగా బయట కోడలు.

"అత్తయ్యా, ఉన్నారా?"

"లేనమ్మా, షికారుకెళ్ళాను."

నిమిషం గడిచేది కాదు. "అత్తయ్యా, పలకరేం?"

"నోట్లో పళ్ళపొడి ఉందే తల్లీ!"

జవాబు కాస్త ఆలస్యమైతే తలుపు జానెడు తెరుచుకునేది, సందులో ఒక కన్ను కనిపించేది. నలభై ఏళ్ళు పదిమంది ఆడవాళ్ళకీ బట్టలు కుట్టి, ఒకరి కొలత ఇంకొకరి చెవిన పడనివ్వని మనిషి ఆవిడ. అలాంటిదాని గుట్టు ఈ వయసులో ఇలా రట్టయింది.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. నీళ్ళు తాగకపోతే లోపలికెళ్ళే పనే ఉండదుగా! పొద్దున అర గ్లాసు, రాత్రి మాత్ర మింగడానికి ఒక గుటక. నెల తిరిగేసరికి నాలుక అట్టముక్కయింది. ఒకరోజు కుర్చీలోంచి లేచేసరికి గది గిర్రున తిరిగింది. కొడుకు వచ్చి పట్టుకుని, "చూశావా, ఆ గడియ తీసి ఎంత మంచిపని చేశానో!" అన్నాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కళ్ళు చూసింది, నాలుక చూసింది. "మామ్మగారూ, నీళ్ళు తాగట్లేదు కదూ?"

"తాగితే వెళ్ళాలి. వెళ్తే వీళ్ళు తొంగిచూస్తారు" అని ఉన్నమాట కక్కేసింది టైలరమ్మ. కోడలు తలదించుకుంది.

"తల తిరిగింది అందుకే. ఇలాగైతే మళ్ళీ పడతారు" అని డాక్టరమ్మ కొడుకు వైపు తిరిగింది. "పడకుండా చూడ్డమంటే కాపలా కాయడం కాదండీ. కాళ్ళకి బలం రావాలి. రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేపించి కూర్చోబెట్టండి. పట్టుకోడానికి ఏదైనా ఉందా లోపల?"

"కడ్డీ బిగించానండీ" అన్నాడు గర్వంగా.

"అదెప్పుడైనా పట్టుకున్నానేమో నన్నడిగావురా?"

"ఎందుకు పట్టుకోలేదూ?"

"అందితేగా!"

ఇంటికొచ్చి చూస్తే నిజమే. కొడుకూ టైలరే, కానీ ఆరడుగుల మనిషి. కడ్డీ తన భుజం ఎత్తున పెట్టాడు. తల్లికి అది నెత్తికంటే ఎత్తు, పీట మీద కూర్చుంటే అందనే అందదు.

"ముక్కూమొహం తెలీనివాడి చంక కొలత రెండేసిసార్లు చూస్తావే, కన్నతల్లికి ఒక్కసారి టేపు పట్టలేదేంరా? నీ కొలతకి కుట్టిన చొక్కా నేను తొడుక్కుంటానా?"

వాడు మెడలోని టేపు తీసి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నిలబెట్టి కొలిచాడు, కూర్చోబెట్టి చెయ్యి చాపించి కొలిచాడు. కడ్డీ కిందికి దిగింది, పక్కనే ఇంకొకటి వచ్చింది.

కుర్చీ పని మాత్రం అంత సులువు కాలేదు. మొదటిరోజు మూడోసారికే మోకాళ్ళు మొరాయించాయి. కోడలు లెక్కపెడుతుంటే, తిట్టుకుంటూ లేచి, తిట్టుకుంటూ కూర్చుని, నెల తిరిగేసరికి పదికి వచ్చింది.

అయినా గడియ మాటెత్తేసరికి కొడుకు అడ్డం తిరిగాడు.

"మళ్ళీ పడితే?"

"అరుస్తాను. నా గొంతుకేం గడియ వెయ్యలేదుగా మీరు."

"అరవలేకపోతేనో?"

ఆరోజు తలుపవతల వీడు "అమ్మా" అని పెట్టిన కేక ఆవిడ మర్చిపోలేదు. అంత మొగాడూ చంటిపిల్లాడిలా అరిచాడు.

"సరే, విను. బయట్నుంచి కూడా తిప్పి తీసుకునే గడియలు వస్తున్నాయట. అలాంటిది పెట్టు. పది నిమిషాలు నావి. ఈలోగా పిలవకూడదు, తట్టకూడదు, తలుపు దగ్గర నీడ కూడా పడకూడదు. పది దాటాయా, తీసుకుని వచ్చెయ్."

"ఎనిమిది."

"బేరమాడుతున్నావా తల్లితో? పది!"

మర్నాడు గడియ పడిన చప్పుడు విని కోడలు వంటింట్లోకి పారిపోయింది. కొడుకు గోడ గడియారం ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. లోపల టైలరమ్మ పని నాలుగు నిమిషాల్లోనే అయిపోయింది. పీట మీద కాళ్ళు బారచాపుకుని, గోడకి చేరగిలబడి, మిగతా ఆరు నిమిషాలూ ఊరికే కూర్చుంది.