సైడు వింగులో సీతారత్నం

"ఈసారి గాని నీ గొంతు జడ్జీలకి వినపడిందా, ఇక నాటకాలకి నువ్వు రానక్కర్లేదు. ఇంట్లో అమ్మకి తోడుగా ఉండు."

రామమూర్తి అద్దంలో చూసుకుంటూ మీసం అంటించుకుంటున్నాడు. ఆ మీసానికి జిగురు రాసిచ్చింది అతని భార్య సీతారత్నమే. బడిపంతులు వేషానికని కొత్త పంచెని రెండుచోట్ల చింపి మాసికలు వేసింది, పదిమందికి పులిహోర పొట్లాలు కట్టింది, సింగరాయకొండలో తెల్లవారకముందే ట్రంకుపెట్టె బస్సెక్కించిందీ ఆమే.

దర్శిలో పత్తి జిన్నింగు మిల్లు ఆవరణలో పందిరి వేసి నాటిక పోటీలు పెట్టారు. అది ఎనభయ్యారు వేసవి. ఒక్కో నాటికకి ముప్పావుగంట గడువు. పక్కనుంచి డైలాగు అందించొచ్చు గానీ, ఆ గొంతు జడ్జీల చెవిన పడితే మార్కులు కోసేస్తారు. కిందటేడు చిలకలూరిపేటలో ఉన్నట్టుండి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో సీతారత్నం గుసగుస ముందు వరసదాకా పాకింది. బహుమతి పోయింది. అప్పట్నుంచి ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గినా ఆ సంగతే ఎత్తుతున్నారు.

"మొగుడు వేషం కడితే పెళ్ళాం కూడా ఊళ్ళు తిరగాలటమ్మా?" అని అత్తగారు శ్యామలాంబ వీధిలో అందరినీ అడిగేది. తిరగాలి, అనుకునేది సీతారత్నం. నెలకి నాలుగు రోజులైనా తిరగాలి. ఏడో క్లాసుతో చదువు ఆగిపోయిన తనకి ఇప్పుడు పద్నాలుగు నాటికలు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ మాట దగ్గర తడుముకుంటాడో ఆయనకంటే తనకే బాగా తెలుసు. స్టేజీ పక్కన తెర చాటున, సైడు వింగులో పుస్తకం పట్టుకుని నిలబడి పెదవి కదిపితే చాలు, ఆ మాట అతని నోట్లోంచి ఖంగుమని బయటికొచ్చేది. చప్పట్లు అతనికే పడేవి. పడనీ. ఆ చప్పట్లు పుట్టిన చోటు తనకి తెలుసు కదా! ఆ నాలుగు రోజులూ లేకపోతే తను పొయ్యికీ నూతికీ మధ్య నడిచే మనిషి మాత్రమే.

గంట మోగింది. నాటిక మొదలైంది.

కథానాయకుడి భార్య వేషానికి గుంటూరు నుంచి జయకుమారి వచ్చింది. ఆడవేషాలకి నాటక సమాజాలన్నీ ఆమెలాంటి ఆర్టిస్టులనే పిలుచుకునేవి. ఒకే పోటీలో ఒకే మనిషి నలుగురు మగాళ్ళకి పెళ్ళాం కావాల్సి వచ్చేది. పొద్దున్నే పొదిలి వాళ్ళ నాటికలో ఏడ్చి వచ్చి, చీర మార్చుకుని, ఇప్పుడు ఈ నాటికలో నవ్వుతోంది.

ఇరవై నిమిషాలు బండి సాఫీగా నడిచింది. అప్పుడు జయకుమారి, "ఇంత జరిగినా నోరు విప్పరేమండీ?" అంది. ఆ మాట రెండు నాటికల్లోనూ ఉంది. ఆమె నాలుక పొదిలి దారి పట్టింది.

"మీ తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారండీ!"

రామమూర్తి కొయ్యబారిపోయాడు. తోడబుట్టినవాళ్ళు లేని ఏకాకినని అయిదు నిమిషాల క్రితమే అతను కన్నీళ్ళు పెట్టుకున్నాడు. జనంలో గుసగుసలు లేచాయి. జయకుమారికి తప్పు తెలిసిపోయింది. సీతారత్నం గబగబా పేజీలు తిప్పింది. తమ్ముడి దగ్గర్నుంచి వెనక్కొచ్చే దారి పుస్తకంలో ఎక్కడుంటుంది?

గొంతు వినపడితే రేపట్నుంచి ఇంట్లోనే. వినపడకపోతే నాటిక ఇక్కడే చచ్చిపోతుంది. సీతారత్నం పుస్తకం కింద పెట్టింది. కొంగు బొడ్లో దోపుకుని, జాకెట్టుకి గుచ్చుకున్న పిన్నీసులతోనే స్టేజీ మీదకి నడిచింది.

"ఏమ్మాయ్, మీ ఆయనకి తమ్ముడెక్కడున్నాడే? పట్టుకెళ్ళింది మా మరిదిని. నేను చెప్పింది సగం విని పరిగెత్తుకొచ్చేశావు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా పంతులూ, నువ్వేంటి అలా గుడ్లప్పగించావు? ఆ ఉత్తరం సంగతి పెళ్ళానికి చెప్పి ఏడువు."

పందిరంతా గొల్లున నవ్వింది. రామమూర్తికి తర్వాత రావాల్సిన ఉత్తరం సీను గుర్తొచ్చింది. బండి మళ్ళీ పట్టాలెక్కింది.

తెర పడగానే అతను మీసం పీకి విసిరేశాడు. "వెయ్యిమంది ముందు నన్ను ఏమయ్యా అంటావా?"

ఇంతలో జడ్జీ శేషాచలంగారు మేకప్ గదిలోకి వచ్చారు. "పక్కింటావిడ వేషం బ్రహ్మాండంగా ఉందండీ. కానీ మీరిచ్చిన పాత్రల జాబితాలో ఆవిడ లేదే?"

రామమూర్తి క్షణంలో తేరుకున్నాడు. "ఆఖరి నిమిషంలో తట్టిందండి. నేనే కలిపాను."

జయకుమారి రంగు తుడుచుకుంటున్న గుడ్డ ఒళ్ళో పెట్టుకుంది. "మాస్టారు కలపలేదండి. నేను పొద్దున చెప్పిన డైలాగు ఇక్కడ చెప్పేశాను. ఈ అక్కయ్య రాకపోతే నాటిక అక్కడే ఆగిపోయేది."

జడ్జీ ముందు ఆ మాట ఒప్పుకుంటే ఎన్ని సమాజాలు ఆమెని మళ్ళీ పిలుస్తాయి? సీతారత్నానికి పెళ్ళయిన పదహారేళ్ళలో తన తరఫున ఒక మనిషి సాక్ష్యం చెప్పడం ఇదే మొదలు. తన కోసం ఒకరు నష్టపోవడానికి సిద్ధపడటం కూడా. తను జయకుమారి చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

శేషాచలంగారు తల పంకించారు. "జాబితాలో లేనివాళ్ళు స్టేజీ ఎక్కితే పోటీలోంచి తియ్యాలి. రూలు రూలే." గుమ్మం దగ్గర ఆగి, "మా ఇంటావిడ ముందు వరసలో ఉందమ్మా. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది," అని సీతారత్నంతో చెప్పి వెళ్ళిపోయారు.

"విన్నావుగా? వచ్చే నెల ఒంగోలు పోటీలకి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు రామమూర్తి.

జయకుమారి నెమ్మదిగా అంది. "ఒంగోల్లో నాకు మూడు నాటికలున్నాయి అక్కయ్యా. పుస్తకం పట్టుకుని పక్కన నువ్వుంటే నాకు భయముండదు. రూము నాతోపాటే."

సీతారత్నం పిన్నీసులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. కోపం కోసం లోపల వెతికింది, దొరకలేదు. ఏడేళ్ళ క్రితం డైలాగులు అందించమని ఈయన విసుక్కుంటూ చేతిలో పడేసిన పుస్తకమే కదా తనని ఇక్కడిదాకా తెచ్చింది.

"ఒంగోలు వస్తానండి, జయకుమారితో," అంది. "అత్తయ్యగారికి తోడు మీరు చూసుకోండి. పుస్తకం నా చేతిలో పెట్టింది మీరు, ఆ మేలు మరిచిపోను. మీ నాటిక జరిగే ముప్పావుగంటా వచ్చి మీకూ అందిస్తాను."