ముందు కొరియన్, వెనుక ఆఫ్రికాన్స్

నేను ఒక నల్లబల్లను, అదీ రెండు ముఖాల దాన్ని. మనుషుల్లో ఆ మాట తిట్టు. నాకు మాత్రం అదే ఉద్యోగార్హత. చెక్క చట్రంలో రెండు బోల్టుల మీద తిరుగుతాను. ఒకవైపు నిండితే రెండోవైపు తిప్పి రాసుకోవచ్చు.

నన్ను చేసిన వడ్రంగి మౌలాసాబ్ నా నాలుగు మూలలనూ గుండ్రంగా చెక్కాడు. "పిల్లోల్లకు గీసుకోకూడదు గదప్పా" అన్నాడు. అలా చెక్కమని ఎవరూ అడగలేదు. అయితే కుడివైపు బోల్టు మాత్రం సరిగా బిగించలేదు. దయ, పనితనం ఒకే చేతిలో సమంగా కుదరడం అరుదు.

మొదట ఆడపిల్లల హైస్కూల్లో పన్నెండేళ్లు పనిచేశాను. అక్కడే నేను నమ్మే ఒకే ఒక్క శాసనం నేర్చుకున్నాను. ముఖ్యమైనది రాసి, చుట్టూ గీత గీసి, పక్కన 'చెరపవద్దు' అని పెడితే దాన్ని ఎవరూ ముట్టరు. రాసినవాళ్లు బదిలీ అయిపోయినా సరే, తర్వాత వచ్చినవాళ్లు ఆ గీత చుట్టూ తుడుస్తారు. రాజ్యాంగానికి కూడా అంత మర్యాద దక్కినట్టు నాకు తెలియదు.

బడికి కొత్త బోర్డులు రాగానే నన్ను పరంధామయ్య గారు కొనుక్కుపోయారు. అనంతపురంలో, టీ బంకు మీది మేడలో, ఆయన 'విశ్వజిహ్వ విదేశీ భాషల కేంద్రం' తెరిచారు. దగ్గర్లో కొరియావాళ్ల కార్ల ఫ్యాక్టరీ ఉంది కనుక కొరియన్. మన బోరుబండ్లవాళ్లు ఆఫ్రికాకు పోతున్నారు కనుక ఆఫ్రికాన్స్. 'ఆఫ్రికా ఖండమంతటికీ ఒకే భాష! నలభై రోజుల్లో!' అని ఫ్లెక్సీ కట్టించారు. యాభైకి పైగా దేశాలను అంత సులువుగా ఏకం చేసినవాడు చరిత్రలో మరొకడు లేడు.

పొద్దున కొరియన్ చెప్పేది తిప్పేస్వామి. ఫ్యాక్టరీ క్యాంటీన్లో మూడేళ్లు దుబాసీగా ఉన్న కుర్రవాడు. సాయంత్రం ఆఫ్రికాన్స్ చెప్పేది హెప్సిబా. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో ఒక ముసలావిడకు తొమ్మిదేళ్లు నర్సుగా ఉండి వచ్చింది. చేరిన రోజే ఆమె, "సార్, ఈ భాష దక్షిణాఫ్రికాలోనూ పక్కన నమీబియాలోనూ తప్ప పెద్దగా నడవదు" అంది.

"ముందు జనాన్ని చేరనీమ్మా. ఖండం సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు ఆయన.

ఆమెకు ఉద్యోగం కావాలి. ఊరుకుంది.

అలా నా ముందుముఖం కొరియన్‌దీ, వీపు ఆఫ్రికాన్స్‌దీ అయ్యాయి. కొరియన్ అక్షరాలు చదరపు ఇటుకల్లా పేర్చుకుంటాయి. వాక్యం మన తెలుగులాగే నడుస్తుంది, చేసిన పని చివరికిగాని తెలియదు. కానీ ఎదుటివాడు పెద్దో చిన్నో తేలనిదే ఆ చివరి మాట ఏ రూపంలో ఉండాలో తెలియదు. కనుక కొరియావాళ్లు పరిచయం కాగానే వయసు అడుగుతారట. మనమూ అడుగుతాం, అవసరం లేకుండానే. ఆఫ్రికాన్స్‌కు ఆ బాధ లేదు. నేనైనా, నువ్వైనా, రాజుగారైనా క్రియ మారదు. కాదనాలంటే మాత్రం చాలాసార్లు ఒకే వాక్యంలో రెండుసార్లు కాదనాలి. హెప్సిబా సెలవు అడిగినప్పుడల్లా పరంధామయ్య గారు "లేదు, ఇచ్చేది లేదు" అనేవారు. ఆయనకు ఆ భాష పుట్టుకతోనే వచ్చు.

"అక్కా, ఆ భాషకని గొంతులోంచి నువ్వు తీసే గరగర వినబడితే ఎవరికో వాంతులని కింద టీ బంకు రమిజాబీ నీళ్లు పట్టుకొచ్చింది" అనేవాడు తిప్పేస్వామి.

"నువ్వు సీరియళ్లు చూపించి పాఠమంటావు. నేనైనా గొంతు పెట్టి చెప్తాండా గదా" అనేది ఆమె.

కొరియన్ లిపిని ఒక రాజు మామూలు జనం కోసం చేయించాడట, పండితులు మొహం చిట్లించారట. ఆఫ్రికాన్స్ ఏ రాజూ చేయించింది కాదు. డచ్చివాళ్లూ, వాళ్ల చాకిరీకి ఓడల్లో తెచ్చిన బానిసలూ, అక్కడి మూలవాసులూ కలిసి వంటిళ్లలో కాచుకున్నది. ఆ బానిసల్లో మన తీరంవాళ్లూ ఉన్నారట. దాన్నీ పెద్దలు వంటింటి భాష అని వెక్కిరించారు. తర్వాత పరాయి పాలనలో కొరియన్‌ను బడిలో మాట్లాడితే శిక్ష. ఆఫ్రికాన్స్‌ను నల్లపిల్లల మీద రుద్దితే, వద్దన్నవాళ్ల మీద తూటాలు. రెండు చోట్లా రాసింది నల్లబల్లల మీదే. మమ్మల్నెవరూ అడగలేదు.

హెప్సిబా క్లాసులో తొమ్మిది మంది ఉండేవారు. అందరికన్నా శ్రద్ధ ఓబులేసుకు. బోరుబండి మీద డ్రిల్లరు. అతని స్నేహితుడు ఆఫ్రికాలో బండి మీంచి పడితే, ఎక్కడ నొప్పో చెప్పలేక కాలికి కట్టు కట్టించుకున్నాడట. విరిగింది పక్కటెముక.

"నాకు పెద్ద మాటలొద్దు మేడం. యాడ నొస్తాందో చెప్పుకుంటే చాలు" అనేవాడు.

"ఏ దేశం పోతాండావు ఓబులేసన్నా?" అని ఆమె అడిగితే, "ఆఫ్రికానే మేడం, ఇంగెక్కడ?" అన్నాడు. ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. వేస్తే ఏం జవాబు వస్తుందోనన్న భయంతో నా వైపు తిరిగి పాఠం అందుకుంది.

ముప్పయ్యో రోజున అతను మైసూరుపాకు పట్టుకొచ్చాడు. వీసా వచ్చింది, వారంలో ప్రయాణం. కాగితం చూసి హెప్సిబా మిఠాయి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. అందులో ఉన్నది టాంజానియా. అక్కడ స్వాహిలి. ఆఫ్రికాన్స్‌లో మొరపెట్టుకుంటే వినేవాడు ఉండడు.

మర్నాడే ఆదివారం. కొత్త బ్యాచ్ కోసం పరంధామయ్య గారు 'కొరియనా? ఆఫ్రికాన్సా? మీకేది సులువు?' అని సభ పెట్టారు. ఆఫ్రికాన్స్‌కు పదిమంది చేరకపోతే హెప్సిబా రానక్కర్లేదని ముందే చెప్పారు. హాలు నిండింది. ఓబులేసు ముందు వరసలో కూర్చున్నాడు.

తిప్పేస్వామి నా ముందుముఖం మీద కొరియన్ గొప్పలు రాసి కూర్చున్నాడు. హెప్సిబా లేచి నన్ను తిప్పింది. నా వదులు బోల్టు సందులో తిప్పేస్వామి ఎప్పుడూ మడిచిన కాగితం దోపేవాడు. అది లేకపోతే బరువుకు నేనే తిరిగిపోతాను. ఆ కాగితాన్ని అతనే వచ్చి మళ్లీ దోపాడు.

ఆమె సులువూ కష్టమూ ఏమీ రాయలేదు. పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాసింది: 'ఆఫ్రికాన్స్ ముఖ్యంగా దక్షిణాఫ్రికా, నమీబియాలలో. టాంజానియాలో స్వాహిలి. మీ వీసా చూసుకోండి.' చుట్టూ గీత గీసింది. పక్కన 'చెరపవద్దు' అని పెట్టింది.

పరంధామయ్య గారు ఒక్క ఉదుటున వచ్చి నన్ను తిప్పేసి, కాగితం మళ్లీ దోపారు. "మేడం గారు తమాషా చేస్తాండారు. ఇదిగో, కొరియన్ చూడండి" అని నవ్వారు.

తిప్పేస్వామి నెమ్మదిగా లేచాడు. బోర్డు సర్దుతున్నట్టు నా పక్కకు వచ్చి, కాగితం మడతను లాగేశాడు. నేను కిర్రుమంటూ సగం చుట్టు తిరిగి, హెప్సిబా రాసినవైపు ఆగాను. మౌలాసాబ్ పనిలోని లోపం అంత చక్కగా పనిచేయడం అదే మొదటిసారి.

ఓబులేసు కూడబలుక్కుని చదివాడు. "అంటే మేడం, నెల్రోజులు నేను గొంతు చించుకున్నది..."

"తప్పు నాది అన్నా. మొదటిరోజే గట్టిగా అడగల్ల, అడగలేదు."

జనం వీసాలు తీసి చూసుకుంటూ మెట్లు దిగిపోయారు. పరంధామయ్య గారు కూడా హెప్సిబాతో "ఉద్యోగం లేదు, ఇచ్చేది లేదు" అని రెండుసార్లు కాదని చెప్పి దిగిపోయారు. మిగిలింది ముగ్గురు. హెప్సిబా తనతో కింబర్లీలో పనిచేసిన టాంజానియా నర్సుకు ఫోన్ చేసింది. ఆవిడ చెప్తుంటే తిప్పేస్వామి తన కొరియన్ అంతా తుడిచేసి రాశాడు: 'నొప్పి – మావుమీవు. ఛాతీ – కిఫువా. ఇక్కడ – హాపా.' చుట్టూ గీత గీసి, పక్కన 'చెరపవద్దు' అని పెట్టాడు. ఓబులేసు చీకటి పడేదాకా వల్లించాడు. వెళ్లేముందు, మిగిలిన మైసూరుపాకు బల్ల మీద పెట్టి, "తినండి మేడం, నిన్నట్నుంచి పట్టుకొనే ఉండారు" అన్నాడు.

విశ్వజిహ్వ నెలలో మూతపడింది. హెప్సిబా ఆసుపత్రి ఉద్యోగానికి పోయింది. నన్ను రమిజాబీ కిందికి దింపుకుంది. ఇప్పుడు ఆఫ్రికాన్స్ ముఖం ముందుకొచ్చింది, అక్కడ హెప్సిబా గీసిన గీత చుట్టూ ఉగ్గాని, బజ్జీ, అల్లం టీ. వెనుక ఆ మూడు మాటలు, చుట్టూ గీత.

రెండేళ్లకు ఓబులేసు టీ తాగడానికి వచ్చాడు. నన్ను తిప్పి చూసి, "దీన్ని తుడవలేదా?" అన్నాడు.

"చెరపొద్దని రాసినారు గదన్నా, నేనెట్ల చెరుపుతా?" అంది రమిజాబీ.

అతను కుడి పక్కటెముక మీద అరచెయ్యి పెట్టుకుని, "హాపా" అన్నాడు నవ్వుతూ. "పోయినేడు పడినాను. డాక్టరు సరిగ్గా ఈడనే చూసినాడు. మేడం కనబడితే చెప్పు."

నా బోల్టు ఇంకా వదులే. దాన్ని ఎవరూ బిగించకుంటే బాగుండును.