చేతికి రాని వాటా

వాన చినుకు పడితే చాలు, ఆ దర్జీ ఇల్లాలు కుట్టుమిషన్ను వసారాలోంచి లోపలికి ఈడ్చుకోవాలి. ఆడవాళ్లు కొలతలివ్వడానికి వస్తే మగడూ పిల్లలూ వీధిలోకి నడవాలి. ఆమె కుట్టుకు వంక పెట్టగల మనిషి ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. అయినా చోటు లేక పెళ్లిబట్టల పని ఎంతో వదులుకుంది.

తండ్రి పోయిన నాలుగు నెలలకు అన్నయ్య ఒక కాగితం పట్టుకొచ్చాడు. తల్లి అంతకుముందే పోయింది. మిగిలినవి బజారులో మూడు కొట్టుగదులు. కొడుక్కి రెండు, కూతురికి ఒకటి అని ఖురాన్ చెప్పిన లెక్క. కానీ ఆ లెక్క చదువుకోవడానికే. ఆడపిల్ల మాత్రం ‘నా వాటా అన్నయ్యకే’ అని సంతకం పెట్టాలి. మేనత్తలంతా అలాగే పెట్టారు. వాటా అడిగితే పుట్టింటి గడప దక్కదని ఆమె చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

“పెట్టమ్మా, నీకు కష్టమొస్తే నేను లేనూ?” అన్నాడు అన్నయ్య. అతనికి ప్రేమ లేకపోలేదు. అందుకే ఆమె కాదనలేకపోయింది. ఆ గది ఒక్కటి ఉంటే తన బతుకే మారిపోయేదని లోలోపల కుములుతూనే కలం అందుకుంది.

సాక్షిగా వచ్చిన మసీదు ఇమాంగారు కాగితం చదివి, “ఏ గది ఇచ్చేస్తున్నావు తల్లీ?” అన్నారు.

“తెలీదండీ.”

“తాళంచెవి ఎప్పుడైనా నీ చేతికొచ్చిందా?”

“లేదండీ.”

“చేతికి రానిదాన్ని ఎలా ఇస్తావమ్మా?” ఆయన అన్నయ్య వైపు తిరిగారు. “ముందు ఆమె వాటా ఆమెకివ్వు బాబూ. ఏడాది అనుభవించనీ. అప్పటికీ ఇష్టంగా ఇస్తానంటే నేనే వచ్చి సాక్షి సంతకం పెడతాను.”

అన్నయ్య నవ్వేశాడు. “మా చెల్లి సంగతి నాకు తెలీదా!” అంటూ తాళంచెవి ఇచ్చాడు.

ఏడాది తిరిగేసరికి ఆ గదిలో మూడు మిషన్లు, పనిచేసే ఆడవాళ్లు మరో ఇద్దరు. అన్నయ్య మళ్లీ అదే కాగితంతో వచ్చాడు.

“నువ్వంటే నాకు ప్రాణం అన్నయ్యా. గది మాత్రం ఇవ్వను,” అంది. కాగితం తిరిగి అతని చేతిలోనే పెట్టింది. అతను చరచరా వెళ్లిపోయాడు.

నెల రోజులు మాటా లేదు, పలుకూ లేదు. పుట్టిల్లు పోయిందని ఆమె చాటుగా ఏడ్చింది, పొద్దున్నే ముఖం కడుక్కుని గది తెరిచింది.

ఒకరోజు వదిన వచ్చింది. “మా నాన్న పొలంలో నా వాటా కూడా మా అన్నలు ఇలాగే రాయించుకున్నారు. ఇమాంగారి దగ్గరికి నన్ను తీసుకెళ్తావా?”

“అన్నయ్యకు తెలుసా?”

“ఆయనే పంపారు. ఘోరమైన అన్యాయమట!”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. గుమ్మం బయట అన్నయ్య తల దించుకుని నిలబడి ఉన్నాడు.

“నా పెళ్లానికి జరిగితే అన్యాయం, నా చెల్లికి జరిగితే ఆచారం అనుకున్నానమ్మా,” అన్నాడు. “పద, ఇమాంగారి దగ్గరికి ముగ్గురం వెళదాం.”

అల్లా రాసిన వాటాను ఆడపిల్ల అడగకముందే ఆమె చేతిలో పెట్టిన ఇల్లే అసలైన పుట్టిల్లు.